బ్రేకు డ్రమ్ము చరిత్ర, మన మిస్త్రీల ఊపిరి

వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడల్లా మేము కుతుబ్‌షాహీలనో పాయెగా నవాబులనో పట్టుకొని నాలుగు పేజీలు నింపి ఇస్తూ వచ్చాం. వికారాబాదుకు ఆ పేరు వికారుల్ ఉమ్రా నవాబు గారి వల్ల వచ్చిందని ఈ పేజీల్లోనే వ్రాసినట్టు గుర్తు. ఈసారి నవాబులకు సెలవు. ఈసారి బ్రేకు డ్రమ్ము చరిత్ర వ్రాస్తున్నాం. ఉర్దూ మీడియం పంతులుకు బండి బ్రేకులతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా ఫరవాలేదు, చివరిదాకా చదివితే చాలు.

మన సొసైటీ పాత జీపు పికప్పు సంగతి సభ్యులందరికీ తెలుసు. దేగులు, షామియానా, జంఖానాలు, అప్పుడప్పుడు జనాజా సామాను, అన్నీ దాని వీపు మీదే. మొన్న ఎండాకాలంలో బడి వరండాకు పరిచేందుకు తాండూరు బండలు వేసుకొని వస్తున్నాం. అనంతగిరి గుట్ట దిగేటప్పుడు డ్రైవరు పెడల్ తొక్కితే అది మెత్తగా నేలదాకా పోయింది. రెండోసారి తొక్కాడు, మూడోసారి తొక్కాడు. కాలికి ఏమీ తగల్లేదు. అతను మాట్లాడకుండా గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని గుట్ట వైపుకు రాసి ఎట్లాగో నిలిపాడు. బండల మీద ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చొని ఉన్నారు. వాళ్లను ఎక్కించుకొన్నది మేమే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు బండిని తాడు కట్టి మర్పల్లికి తెచ్చి, మా పాత విద్యార్థి ఒకరు నడిపే షెడ్డులో పెట్టాం. ఇతను ఏడో తరగతిలో బడి మానేసిన పిల్లవాడు. రిజిస్టరులో అతని పేరు ఎదుట ఎర్ర సిరాతో గీత గీసింది మా చేయే. ఇప్పుడు నలుగురు శాగిర్దులకు ఉస్తాద్. అతనికి పని నేర్పిన పెద్ద ఉస్తాద్ డెబ్బై దాటిన మనిషి. పని మానేసి చాలా కాలమైంది గాని, పాత జీపు వచ్చిందని తెలిసి కుర్చీ తెప్పించుకొని పక్కనే కూర్చున్నారు. మా మాటలన్నీ దక్కనీలోనే సాగాయి, ఇక్కడ తెలుగులో పెడుతున్నాం.

చక్రం విప్పేలోపు చరిత్ర కొంత చెప్పుకొందాం.

ఎద్దుబండికి బ్రేకంటే ఎద్దు మెడే. దిగుడులో బరువంతా కాడి మీదికి వస్తుంది, అది కాళ్లు తన్నిపట్టి ఆపాలి. పశ్చిమ దేశాల గుర్రపు బండ్లకు చక్రం మీద ఒత్తే చెక్క దిమ్మె ఉండేది. మోటారు బండి పుట్టినప్పుడు ఆ దిమ్మెనే దానికీ తగిలించారు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మనీ ఇల్లాలు భర్త చేసిన మోటారు బండిని, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జైమ్ దాకా నడుపుకొని వెళ్లింది. దిగుళ్లలో చెక్క దిమ్మెలు అరిగిపోతుంటే దారిలో ఒక ఊళ్లో మోచీని పిలిచి వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనరు అనే వస్తువు చరిత్రలో మొదట కనిపించేది ఇక్కడే. పేరు ఇంజనీరుది, ఆలోచన ఇల్లాలిది, చేయి చెప్పులు కుట్టేవాడిది.

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన బండివాళ్లు పాత బూట్లను బ్రేకు దిమ్మెలకు అడ్డం పెట్టడం చూసి లైనర్ల వ్యాపారం మొదలుపెట్టాడని చెబుతారు. 1897 నాటి మాట. ఆయన ఇంటిపేరు అక్షరాలను తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపితే ఫెరోడో అయింది. ఆ పేరున్న లైనరు పెట్టెలు మన మిస్త్రీలకు బాగా తెలిసినవే. మొదట నూలు పట్టీలను జిగురులో ముంచి చేసేవాడు. నూలు వేడికి మాడిపోయింది. అప్పుడు రాతినార వచ్చింది.

ఈ రాతినార మాట గుర్తు పెట్టుకోండి. ఆస్‌బెస్టాస్ అంటే అదే. రాతిలో దొరుకుతుంది, పత్తిలాగా పీచు తీయవచ్చు, నేయవచ్చు, నిప్పుకు కాలదు. మన తెలుగు నేల మీదే కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి.

డ్రమ్ము బ్రేకు సంగతికి వస్తే, ఫ్రాన్సులో లూయీ రెనో 1902లో దానికి పేటెంటు పుచ్చుకొన్నాడు. అంతకుముందు చాలా బండ్లకు చక్రం ఇరుసు దగ్గర బయటినుండి చుట్టిన పట్టీ ఉండేది. వాన పడితే జారేది, బురద పడితే పట్టు తప్పేది. రెనో డ్రమ్ము వాడి, బ్రేకును లోపలికి మార్చాడు. డ్రమ్ము చక్రంతో తిరుగుతుంది, లోపల రెండు షూలు తిరగకుండా నిలిచి ఉంటాయి, తొక్కితే విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి రాసుకొంటాయి. బురద బయటే ఉండిపోయింది. అయితే లైనరు అరిగి రాలిన దుమ్ము లోపలే ఉండిపోయింది. ఈ రెండో ముక్క పుస్తకాల్లో తక్కువగా వ్రాస్తారు. మా వ్యాసం దానికోసమే.

తరువాతి మార్పు నూనెది. తొలినాళ్లలో బ్రేకుకు ఇనుప కడ్డీలు, తీగలు. నాలుగు చక్రాలకూ ఒకే బలం అందేది కాదు, బండి ఒక పక్కకు లాగేది. మాల్కం లాక్‌హీడ్ అనే అమెరికావాడు గొట్టంలోని ద్రవంతో బలం పంపే పద్ధతి తెచ్చాడు. 1921లో డ్యూసన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ అవే వచ్చాయి. ఫోర్డు మాత్రం 1939 దాకా కడ్డీలు వదల్లేదు. దీని వెనుక సూత్రం పాస్కల్ చెప్పినదే: మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట దబావ్ వేస్తే అది అన్ని దిక్కులకూ సమానంగా పోతుంది. మేము ఇరవై ఏళ్లుగా బోర్డు మీద వ్రాస్తున్న వాక్యం ఇది. మా పాత విద్యార్థి దీన్ని ఒప్పజెప్పలేక బెంచీ ఎక్కాడు. ఆ రోజు షెడ్డులో అతను తన శాగిర్దుతో అంటున్నాడు: "ఒక్కతాన తొక్కితే నాలుగు తాన్ల ఒత్తుతది. ఒక్కతాన పగిలిందనుకో, నాలుగు తాన్ల పోతది. సమజైందా?" మేము వేరేవైపు చూశాం.

మన ప్రాంతానికి మోటారు బస్సు ప్రభుత్వం ద్వారా వచ్చింది 1932 జూన్‌లో. నైజాం రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. తరువాత 1942 జనవరిలో నిజాం పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. బస్సు బాడీలు కట్టడం దాని పనుల్లో ఒకటి. బస్సులు వచ్చినచోట కారఖానాలు వచ్చాయి, కారఖానాల చుట్టూ షెడ్లు వచ్చాయి, షెడ్లలోకి మన పిల్లలు వచ్చారు. జమీను లేనివాడికి, ఇంగ్లీషు రానివాడికి, సిఫారసు లేనివాడికి పానా పట్టుకొంటే రోజీ దొరికింది. ఉస్తాద్ దగ్గర మూడేళ్లు చాయ్ మోసి, ఆరేళ్లు నట్లు విప్పి, ఆపైన మిస్త్రీ అనిపించుకొనేవాడు. ఈ తాలీంకు సర్టిఫికెట్టు లేదు గాని, మన మొహల్లాల్లో ఎన్నో ఇళ్లు దాని మీదే నిలిచాయి.

జీపు కథలో కూడా ఒక హైదరాబాదు ముడి ఉంది. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులు ఒక ఉక్కు వ్యాపార సంస్థను పెట్టినప్పుడు వారి భాగస్వామి మలిక్ గులాం మహమ్మద్. అంతకుముందు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసినవారు. అప్పుడు సంస్థ పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తరువాత ఆయన పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో ఇక్కడ సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విల్లీస్ జీపులను బిగించి అమ్మింది ఈ సంస్థే. ఇంకొక ముడి మన రైలు దారి మీదే ఉంది. మర్పల్లి స్టేషనులో బీదరు వైపు బండి ఎక్కితే కోహీరు దాటగానే జహీరాబాదు. 1980లలో ఆల్విన్ వారు జపాను నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు చేసింది అక్కడ. 1989లో దాన్ని మహీంద్రా వారు తీసుకొన్నారు. నవాబుల చరిత్ర వద్దన్నాం గాని, చివరికి నిజాం కాలపు దారాలే చేతికి తగులుతున్నాయి.

సరే, షెడ్డుకు వద్దాం. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎక్కించి, వెనుక ఎడమ చక్రం విప్పారు. డ్రమ్ము రాలేదు. చుట్టూ సుత్తితో మెల్లగా తట్టుతూ ఉంటే వచ్చింది. లోపల చూస్తే వీల్ సిలిండర్ రబ్బరు కప్పు ఉబ్బి, పెదవి చినిగి, బ్రేకాయిల్ అంతా కారి లైనరు మీద పడి ఉంది. కారణం కూడా దొరికింది. ఎవరో ఎప్పుడో బ్రేకాయిల్ తక్కువైతే ఇంజనాయిల్ పోశారు. చూడడానికి రెండూ నూనెలే గాని, ఇంజనాయిల్ తగిలితే ఆ రబ్బరు అటుకుల్లాగా ఉబ్బుతుంది. బ్రేకాయిల్‌కు కూడా ఒక దోషం ఉంది, గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే దిగుడులో వేడెక్కినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత తొక్కినా నలుగుతుందే గాని ముందుకు బలం పంపదు. పాత జీపులకు మాస్టర్ సిలిండర్‌లో ఒకటే దారి కాబట్టి ఒక్క కప్పు పోతే నాలుగు చక్రాలూ పోయినట్టే. అమెరికాలో 1960ల చివర కార్లకు రెండు దారులు తప్పనిసరి చేశారు. ఆ రోజు మమ్మల్ని కాపాడిన హ్యాండ్ బ్రేకు నూనెతో పనిలేనిది. విల్లీస్ నమూనాలో అది చక్రాలకు గాక, వెనుకకు పోయే షాఫ్టును పట్టుకొంటుంది.

డ్రమ్ము అడుగున, షూల వెనుక, నల్లటి సన్నని పొడి దోసెడు ఉంది. పదిహేనేళ్ల శాగిర్దు ఒకడు వంగి, బుగ్గలు నింపి, ఊదబోయాడు.

"ఊదకురా!" అని పెద్ద ఉస్తాద్ కుర్చీలోంచి అరిచారు. అరవడంతో దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. నీళ్లు ఇచ్చాం. పిల్లవాడు బిక్కమొహం వేసి నిలబడ్డాడు.

కాసేపటికి వారే అన్నారు: "మాస్టర్ సాబ్, మేము నలభై ఏండ్లు ఊదినం. ఊదకపోతే పని కనవడది గదా. తర్వాత గాలి మిషను వచ్చింది, దాంతోని ఊదినం. షెడ్డంత పొగమంచు లెక్క అయ్యేది. గండ్లనే కూసోని రొట్టె తిన్నం."

ఇప్పుడు రాతినార కథ మిగతా సగం చెప్పాలి. 1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నెల్లీ కెర్షా అనే ఆడమనిషి ముప్ఫై మూడేళ్లకే ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయింది. ఆమె రాతినార వడికే మిల్లులో పనిచేసింది. ఆమె ఊపిరితిత్తుల్లో నార ఉన్నట్టు డాక్టరు కుక్ వైద్య పత్రికలో వ్రాశాడు. 1931లో అక్కడి ప్రభుత్వం మిల్లులకు నిబంధనలు పెట్టింది. అంటే మన దగ్గర బస్సులు ఇంకా మొదలు కాకముందే ఈ దుమ్ము చంపుతుందని తెలుసు. అయినా లైనర్లలో దాన్ని వాడుతూనే వచ్చారు. ఇప్పుడు అన్ని రకాల రాతినారా మనిషికి క్యాన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. జబ్బు వెంటనే రాదు, ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లకు బయటపడుతుంది. అందుకే షెడ్డులో ఊదిన పొడికీ ఇంట్లో దగ్గే ముసలివాడికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

న్యాయంగా రెండో మాట కూడా చెప్పాలి. బ్రేకు వేడికి రాతినారలో చాలాభాగం రూపు మారి వేరే ఖనిజమవుతుందని, మెకానిక్కులకు మిల్లు కూలీలంత ప్రమాదం లేదని వాదించే శాస్త్రజ్ఞులు ఉన్నారు. కాని కొత్త లైనరును ఆకురాయితో రాకేటప్పుడు, రివిట్లకు రంధ్రాలు పెట్టేటప్పుడు లేచే దుమ్ము వేడి చూడని దుమ్ము. అది మారలేదు, అది నారే. అమెరికా ప్రభుత్వం 1986లోనే బండ్ల మెకానిక్కుల కోసం ప్రత్యేకంగా ఒక సూచనల పుస్తకం వేసింది. పొడిగా ఊదవద్దు, గాలి మిషను పెట్టవద్దు, తడిపి తుడవాలి అని అందులోని సారం. దానికి ఖర్చేమిటి? బకెట్టు నీళ్లు, ఒక పాత గుడ్డ.

మన దేశంలో 1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల విషయంలో గొప్ప తీర్పు ఇచ్చింది. పనిలో చేరిన నాటినుండి నలభై ఏళ్లు, లేదా మానేసిన తరువాత పదిహేనేళ్లు, ఏది ఆలస్యమైతే అంతదాకా కార్మికుని ఆరోగ్య రికార్డు ఉంచాలని, జబ్బు తేలినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని చెప్పింది. చిన్న పరిశ్రమలను కూడా చట్టం కిందికి తేవడం ఆలోచించమని ప్రభుత్వాలకు చెప్పింది. మంచిదే. కాని అది గనులకు, ఫ్యాక్టరీలకు. మన షెడ్డులో మస్టరు లేదు, రికార్డు లేదు. ఉస్తాద్ ఎవరి కార్మికుడు? ఆ లైనరు ఎవరు చేశారో, ఏ ఏట ఏ బండికి కొట్టారో ఎవరు చెప్పగలరు? ఐరోపా సంఘం 2005 నుండి రాతినార వాడకం పూర్తిగా ఆపింది. అమెరికా 2024లో తెల్ల రాతినారను నిషేధించింది. మన దగ్గర గనులు ఆగాయి గాని, బయటి దేశాల నుండి తెచ్చుకొని వాడడానికి పూర్తి నిషేధం నేటికీ లేదు.

ఉస్తాద్‌ను మొదట చూపించిన ఆసుపత్రిలో బీడీ తాగుతావా అని అడిగారట. తాగను అన్నారు. మందులు వ్రాసి పంపారు. ఏం పని చేశావు అని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా మా బడి మానేసిన ప్రతి పిల్లవాణ్ణి, "పోనీలే, పని నేర్చుకొంటాడు" అనుకొని వదిలేశాం. ఆ పనిలో ఏముందో ఒక్కనాడు షెడ్డు గడప ఎక్కి చూడలేదు. చరిత్ర పంతులమని పేరు మాత్రం ఉంది.

ఆ రోజు మిగతా పని ఇలా జరిగింది. మా విద్యార్థి బకెట్టులో నీళ్లు, కొంచెం సబ్బు కలిపి తెచ్చి, డ్రమ్మును, వెనుక రేకును తడి గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డను కవరులో కట్టి మూతి ముడి వేశాడు. నూనె తాగిన లైనర్లు ఎంత కడిగినా పనికిరావని తీసేశాడు. కొత్తవి రాతినార లేనివని అట్ట మీద అచ్చు వేసి ఉన్నవే తెప్పించాం, ఖరీదు కొంచెం ఎక్కువ. పాతవాటిలో నార ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం కాబట్టి ఉన్నట్టే అనుకోవాలి. రివిట్లు మధ్యనుండి మొదలుపెట్టి అంచులకు కొట్టాలని, అంచులనుండి కొడితే మధ్యలో లైనరు ఎత్తుకొంటుందని పెద్ద ఉస్తాద్ కుర్చీలోంచే చెబుతూ ఉన్నారు. డ్రమ్ములో గాడి పడి ఉంటే వికారాబాదు పంపి లేతు కొట్టించాం. నాలుగు చక్రాల కప్పులూ, మాస్టర్ సిలిండర్ కిట్టూ మార్చి, గొట్టాలన్నీ కడిగి కొత్త బ్రేకాయిల్ పోశారు. షూలను డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కు వదిలారు.

ఎయిర్ తీయడం చివరి పని. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరమైన వెనుక ఎడమ చక్రంతో మొదలు. చిన్న గొట్టం ఒక కొస బ్లీడర్ నట్టుకు, ఇంకో కొస బ్రేకాయిల్ ఉన్న సీసాలో. పెడల్ దగ్గర మమ్మల్నే కూర్చోబెట్టారు. "కొట్టండి సార్... కొట్టండి... పట్టుండ్రి!" అంటే పట్టుకొన్నాం. సీసాలో బుడగలు వచ్చాయి. మళ్లీ కొట్టాం. బుడగలు తగ్గి, చివరికి ఒట్టి నూనే వచ్చింది. నాలుగో చక్రం అయ్యేసరికి పెడల్ కాలి కింద రాయిలాగా నిలిచింది.

సాయంత్రం బండిని స్టేషను దారిలో తిప్పి చూశాం. ఆ తరువాతి ఆదివారం మా విద్యార్థినీ, ఊదబోయిన పిల్లవాణ్ణీ బడికి పిలిపించి, ఎనిమిదో తరగతి ముందు ఆ డ్రమ్మునే బల్ల మీద పెట్టి పాస్కల్ పాఠం చెప్పించాం. పెద్ద ఉస్తాద్‌ను ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి మేమే తీసుకొనిపోయాం. చీటీలో పేరు, వయసు తరువాత "బ్రేకు మిస్త్రీ, నలభై ఏళ్లు, లైనరు దుమ్ము" అని మా చేత్తో వ్రాశాం. డాక్టరు అది రెండుసార్లు చదివి, పెద్ద ఎక్స్‌రే తీయించమన్నారు. దాని ఫలితం ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఇంకా రాలేదు.